మూత తీయకుండా చెప్పే కోటేశ్వరరావు గారు

మూత బిగించిన పాత్రలో గ్యాసు ఎంత వేడిగా ఉందో కోటేశ్వరరావు గారు బయట నుంచే చెప్పేస్తారు. అయితే వెంటనే చెప్పరు. అదే ఆయనతో చిక్కు.

వీధిబడి చదువుతో ఎరువుల ఫ్యాక్టరీలో చేరి ఫోర్‌మన్ అయ్యారు. మద్రాసు ఇంజనీర్ల లెక్క దిద్దారు. ఓసారి మీటరుకీ ఆయనకీ మూడు డిగ్రీలు తేడా వస్తే, మార్చింది మీటరునే. కారు టైరులో గాలి వేడి ఎంతని అడిగినా ముందు కాఫీ, తర్వాత ఈ మూడు ఘనకార్యాలు, ఆపైనే అంకె. పక్కింటి తేజేశ్వర్ ఒక్కసారి అడిగి ఆఫీస్‌కి గంట లేటయ్యాడు. అప్పట్నుంచి, రిటైరయ్యాక వచ్చి ఉంటున్న ఈ అమెరికా ఊరు మోరిస్‌విల్‌లో ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. కూతురు ఉమ ఆఫీస్‌కి వెళ్ళాక ఆ ఇంట్లో మిగిలేది ఆయనా, ఫ్రిజ్ చప్పుడూ.

2009 ఏప్రిల్‌లో దేదీప్య ఫోన్ చేసింది. ఎంఎస్ చదివే పిల్ల, గుడిలో పరిచయం. ల్యాబ్‌లో స్టీలు పాత్రలో నైట్రోజన్ నింపి, సీలు వేసి వేడి చేస్తుంటే లోపలి సెన్సర్ చచ్చిపోయింది. నూట ముప్ఫై డిగ్రీలు దాటితే సాంపిల్ పాడైనట్టే, ఇంకో సెమిస్టర్ పోయినట్టే. మూత తీస్తే గ్యాసు పోతుంది. పాత్రకి బయటున్న ప్రెషర్ గేజి చూసి తనే లెక్క కడితే నూట నలభై ఏడొచ్చిందట. నిన్నట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట.

ఆయన బస్సెక్కి వచ్చారు, చేతిలో డబ్బాతో. నింపినప్పుడు ఇరవై ఏడు డిగ్రీలు, గేజిలో ప్రెషర్ ఐదు బార్లు, ఇప్పుడు ఏడు. పాత్ర చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆకలితో ఉన్న మనిషి ముందు అంకె నిలవదని, ముందు తినమని తేల్చేశారు.

దేదీప్య లోలోపల తిట్టుకుంటూనే వరండా బెంచీ మీద పులిహోర తింది. మూడో ముద్దకి గానీ తనకెంత ఆకలిగా ఉందో తెలియలేదు. ఈలోగా మద్రాసు ఇంజనీర్లు వచ్చారు, వెళ్ళారు. మీటరు మారింది. డబ్బా ఖాళీ అయింది.

"గేజి బయటి గాలిని లెక్కలో వేసుకోదమ్మా. ఒక్కొక్కటి కలుపు. ఐదు ఆరవుతుంది, ఏడు ఎనిమిదవుతుంది. ఇరవై ఏడుకి రెండొందల డెబ్బై మూడు కలిపితే మూడొందలు. ఆరుకి మూడొందలైతే ఎనిమిదికి?"

"నాలుగొందలు."

"కలిపిన రెండొందల డెబ్బై మూడూ తీసెయ్."

నూట ఇరవై ఏడు. సాంపిల్ బతికే ఉంది. ఆ అంకె రాసుకుందామని బెంచీ మీదున్న ఆయన బస్ టికెట్ తిప్పింది. వెనకాల అప్పటికే పెన్సిల్‌తో ఉంది: 127, పదకొండూ పది. గోడ గడియారంలో పన్నెండున్నర.

"వచ్చీ రాగానే తెలుసా అంకుల్? మరి నన్నింతసేపు ఎందుకు ఏడిపించారు?"

"చెప్పేస్తే ప్రొఫెసర్ దగ్గరికి పరిగెత్తేదానివి. ఇద్దరికని తెచ్చిన పులిహోర, మళ్ళీ ఇంటికెళ్ళి ఒక్కణ్ణే తినాలి." ఆయన డబ్బా మూత రెండుసార్లు తిప్పి బిగించారు. "రేపు కూడా ఓసారి గేజి చూస్తే మంచిది."

"చూడాలి అంకుల్. పప్పు నేను తెస్తా. లెక్క మాత్రం తొందరపడి చెప్పేయకండి."