పడుకోబెట్టిన సీసా

ఏడో తరగతి మూడుసార్లు చదివినా, ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినడం నాకు అబ్బలేదు. అండమాన్ దీవుల్లోని మాయాబందర్‌లో టూరిస్టు బోటు నడుపుతాను. కిందటేడు ఒక హైదరాబాద్ ఆయన సగం తాగిన రెడ్ వైన్ సీసా నా చేతికిచ్చి, "భయ్యా, బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టు, ఎల్లుండి తీసుకుంటా" అన్నాడు. బిరడా బోటులోనే పోగొట్టాను. మూతికి గుడ్డ కుక్కి, మా ఫ్రిజ్‌లో చేపల పక్కన వాటిలాగే పడుకోబెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికొస్తే వంటగది నేలంతా ఎర్రగా ఉంది. పక్కనే కత్తిపీట, సగం కోసిన చేప. ఎర్రటి అడుగులు పెరటి గుమ్మం దాకా ఉన్నాయి. ఇంట్లో ఉండేది అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మకి సుగర్. అంతకుముందు వేలు తెగితేనే ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. "అమ్మా" అన్నాను. పలకలేదు. సీసా సంగతి గుర్తే లేదు. అమ్మ ఎక్కడ పడి ఉందోనని పెరడంతా వెతికాను.

చివరికి పక్కింటి కుళాయి కింద కాళ్లు కడుక్కుంటూ కనిపించింది. మా కుళాయిలో నీళ్లు లేవట. ఇంకో చేప కోసం ఫ్రిజ్ తీయగానే వైన్ కాళ్ల మీద ఒలికిందట. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను.

ఇప్పటికీ ఏ సీసా పడుకుని కనిపించినా లేపి నిలబెట్టేదాకా నాకు స్థిమితం ఉండదు. అమ్మ మాత్రం ఆ రోజు నన్ను ఎగాదిగా చూసి అంది:

"జెట్టీలో దిగీసరికి ఎవులింట్లో ఏ చేప ఉడుకుతందో వాసన బట్టి చెప్పీస్తావు. ఇల్లంతా పుల్లటి కంపు కొడతంటే నీ ముక్కెక్కడ ఎట్టీసినావురా?"