బిగిసిన ముడులు

కార్గిల్ నుంచి తిరిగొచ్చిన ఎల్లారావు జాలరిపేట ఒడ్డున వల బాగుచేస్తూ తోటివాళ్లకి యుద్ధం కబుర్లు చెబుతాడు. మంచూ, ఎండిన చపాతీలూ అన్నీ నవ్వుతూనే చెబుతాడు. తూటా తగిలిన తోటి సిపాయి బల్వీర్‌ని భుజాన వేసుకుని కొండ దిగే చోట మాత్రం వేళ్లు బిగుసుకుని వల కన్నులు చిన్నవైపోతాయి. "బతికేసినాడు బావా" అని ముగిస్తాడు. అతను వెళ్లాక ఆ బిగిసిన ముడులు విప్పి మళ్లీ వేసేది పక్కన కూర్చునే పోతమ్మ. ఆమె మొగుడు సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. ఒకరోజు ఆ ముడి దగ్గరే అతని చెయ్యి పట్టుకుంది.

"నిజింగా బతికేడేటిరా ఆడు?"

"నేదత్తా. నా బుజం మీదే పోనాడు."

"మరైతే ఏడిసీరా. నాను ఏడవనేదా?"

వలలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత ముక్కు చీదుకుని, మిగిలిన వల పూర్తిచేసి, ఆకలేస్తోందంటూ ఇంటికెళ్లాడు. పోతమ్మ వలంతా తడిమి చూసింది. విప్పాల్సిన ముడి ఒక్కటీ తగల్లేదు.