తడి లేని బ్యాటరీ అని అమ్మాను

నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పవర్ బ్యాంకు అట్టపెట్టె మీద బంగారు రంగులో 'సాలిడ్ స్టేట్' అని అచ్చు వేసినవాడి మీద, దాన్ని నా కొట్లో దించినవాడి మీద, వాడి మాట విని చిలకలా అప్పజెప్పిన నా మీద.

తమిళనాడు ధర్మపురిలో మాది కరెంటు సామాన్ల కొట్టు. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం. అయినా మేస్త్రీ పని చేసే మనవాళ్ళు కొందరు నాలుగు కొట్లు దాటుకుని నా దగ్గరికే వస్తారు, సరుకు గురించి తెలుగులో అడగొచ్చని. అలా ఒకరోజు వచ్చినతను నల్లంపల్లి దగ్గర కట్టడం పనిలో ఉన్నాడు. సైటు పక్కన రేకుల షెడ్డులో భార్య, ఐదు నెలల ఆడబిడ్డ. షెడ్డుకు కరెంటు లేదు. బిడ్డకు గాలి తగలాలని చిన్న ఫ్యాను కొన్నాడు, దానికి పవర్ బ్యాంకు కావాలన్నాడు, సైటులో చార్జి పెట్టుకుంటాడట. నేను తీసిచ్చిన పెట్టె మీద ఏముందో అతను చదవలేడు. ఒక్కటే అడిగాడు.

"కాలిపోదు కదక్కా? బిడ్డ పక్కనే పెట్టల్ల."

"ఇది కాలదప్పా. మామూలు దాంట్లో మంట పట్టే నీళ్ళ మందు ఉంటుంది. దీంట్లో తడే ఉండదు, అంతా గట్టి సరుకు. తలకింద పెట్టుకున్నా భయం లేదు" అన్నాను.

ఆ 'తలకింద' అన్న ముక్క సరుకు దించిన ఏజెంటు చెప్పింది కూడా కాదు. నా సొంత కవిత్వం.

నెల తిరక్కుండా, కొట్లో అద్దాల బీరువాలో ఉన్న అదే రకం పవర్ బ్యాంకు పొట్ట ఉబ్బింది. ఎదురు వరసలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన దాన్ని పెరట్లో ఇసుక మీద పెట్టి జాగ్రత్తగా విప్పాడు. గోళ్ళరంగు తుడిచే మందులాంటి తీపి వాసన గుప్పుమంది. పట్టకారు మొనకు తడి అంటింది.

"మామూలు బ్యాటరీ సెల్లే అక్కా, పేరు మార్చినారు. నేను విప్పినవాటిలో నిజంగా తడి లేనిది ఒక్కటీ చూడలేదు" అన్నాడు.

అక్కడే నిలబడి ఏజెంటుకు ఫోన్ చేశాను. వాడు తమిళంలో తాపీగా చెప్పాడు: అది సెమీ సాలిడ్ అట, కొంచెం తడి ఉంటుందట, పెట్టె అడుగున చిన్నగా రాసే ఉందట. చిన్నగా రాశారట! పసిబిడ్డ పక్కన పెట్టుకునేవాడు భూతద్దం కూడా కొనుక్కోవాలా? నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు అంతా విని, "కొత్త మోడల్ పంపనా అక్కా?" అన్నాడు. ఛీ, ఏం మనిషి!

కొట్టు మూసేసి బస్సెక్కి నల్లంపల్లి పోయాను. షెడ్డులో బిడ్డ నిద్రపోతోంది. పవర్ బ్యాంకు ఎక్కడుందంటే, నేను చెప్పినట్టే, మడతపెట్టిన చీర కింద, బిడ్డ తల దగ్గర. లాగి తీస్తే చేతికి వేడి తగిలింది. బయటికి తెచ్చి కంకర మీద పెట్టాను.

అతను సిమెంటు చేతులతోనే పరుగున వచ్చాడు. "ఏమైందక్కా?"

"దీంట్లో తడి ఉండాదప్పా. కాలొచ్చు. నేను నీకు చెప్పింది తప్పు."

"డబ్బాలో ఏముండాదో నాకెట్ల తెలుస్తాదక్కా? నువ్వు చెప్పినావు, పెట్టినాను."

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నాడు. ఫ్యాను ఆగిపోయేసరికి బిడ్డ ఉక్కకు లేచి ఏడుపు అందుకుంది. అతను అటు చూసి, మళ్ళీ నా వైపు తిరిగాడు.

"సరే, ఇంకోటి ఇయ్యక్కా. ఏది కాలదో నువ్వే చెప్పు."

పొద్దున ఏజెంటును అన్నేసి మాటలన్నాను, ఇతనికి చెప్పడానికి ఒక్కటే మిగిలింది. "నాకు తెలీదప్పా" అన్నాను. కొట్లో చెప్పవలసిన ఆ మాట ఆ షెడ్డులో చెప్పాను, అతని భార్య అట్టముక్కతో బిడ్డకు విసురుతూ ఉండగా.