హీరాలాల్ ఆంబోతు

“...పదకొండు ఇండ్ల గడ్డి తింటది, మరి చేసే పనేంది వదినె? ఏడాదాయె, ఒక్క ఆవన్న చూడి కట్టిందా?”

“నీ ఆవులకే ఏం రోగమున్నదో సూస్కో సోమ్లా. నా మీద పడి ఏడుస్తవేంది?”

“నీ మీద కాదు, నీ ఆంబోతు మీద. రేపు పశువుల డాక్టరు మేడమొచ్చి పరీక్ష చేస్తది. విత్తనం సచ్చిందంటే అంగట్ల అమ్ముడే.”

గంగారం అడవి అంచు తండాలో మరిదితో నీలికి ఇది మూడో తగువు. ఆ ఆంబోతును ఆమె భర్త హీరాలాల్ దూడనాటి నుంచి పెంచాడు. తండా మందను అతడే కాసేవాడు. పొద్దుగూకే వేళ ఇంటికొచ్చి గుమ్మాన్ని కర్రతో మూడుసార్లు తట్టేవాడు. నీలి తలుపు తీసి, అతని పేరు చెక్కించిన స్టీలు కంచంలో జొన్నరొట్టె పెట్టేది.

నిరుడు కార్తీకంలో జ్వరంతో పోయాడు. మట్టి చేసిన మూడోనాడు, అదే వేళకు గుమ్మం మూడుసార్లు చప్పుడైంది. తలుపు తీస్తే ఆంబోతు. కొమ్ము గుమ్మానికి ఆనించి ఉంది. నీలి అదే కంచంలో రొట్టె పెట్టింది.

ఎవరికీ చెప్పలేదు. ఎండాకాలానికి అది నడిపగలే రాసాగింది. ఇప్పుడైతే మందను తోలిన కాసేపటికే తిరిగొచ్చి గడప ముందు నిలబడుతోంది. తలుపు మూసి ఉన్నా, చెక్కల సందులోంచి దాని ఊపిరికి లోపలి దీపం వణికేది. “ముసల్దైంది, నీడకొస్తది” అని అడిగినవాళ్లకు చెప్పేది.

మర్నాడు పశువుల దవాఖాన నుంచి రజిత వచ్చింది. వాకిట్లో ఆవును కట్టించింది. ఆంబోతు ఆవును చూడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ నీలినే చూస్తోంది.

“అవ్వా, జర లోపలికి పోయి తలుపేస్కో.”

నీలి గడియ పెట్టుకుంది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత డెక్కలు ఆవు వైపు తిరిగాయి.

వేడినీళ్లు నింపిన రబ్బరు గొట్టంలో పట్టిన ఆంబోతు వీర్యంలోంచి ఒక చుక్కను రజిత గోరువెచ్చని గాజుపలక మీద వేసింది. నీలిని పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమంది. మబ్బుల్లాంటి గుంపులు ఒకదాన్నొకటి తోసుకుంటూ సుడులు తిరుగుతున్నాయి.

“గింతమందా?”

“జిల్లా మొత్తానికి సరిపోతరు అవ్వా. విత్తనానికేం రోగం లేదు. ఆవుల దగ్గరికి పోతే గద చూడి కట్టేది! పగలంతా యాడుంటది ఇది?”

గడప పక్కన బోర్లించిన కంచాన్ని సోమ్లా తిప్పి చూశాడు. అన్న పేరు. అంచున రొట్టె ముక్క.

ఆ సాయంత్రం అతడు పలుపుతాడుతో వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. లోపల పెనం మీద రెండో రొట్టె పొంగుతోంది.

గుమ్మం మూడుసార్లు చప్పుడైంది.

“వదినె...” అన్నాడు సోమ్లా. “గది అచ్చం అన్న తట్టినట్లే...”

నీలి చెయ్యి గడియ దాకా వెళ్లి ఆగింది.

“సోమ్లా, దాన్ని తోల్కపోయి నీ దొడ్లె కట్టెయ్యి. ఇగ ఈ తలుపు నేను తియ్య.”