పది నిమిషాల పరీక్ష

చిత్తూరు బస్టాండు వెనక సందులో సలావుద్దీన్ పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు బిగిస్తున్నాడు, బాగు చేస్తున్నాడు. కొట్లో ఒక బల్ల, దాని మీద ఒక ఫ్యాను. ఏ సిస్టం వచ్చినా పక్క రేకు విప్పి, ఫ్యాను గాలికి పెట్టి, పది నిమిషాలు నడిపి చూస్తాడు. అతనికి తెలిసిన పరీక్ష అదే.

మదర్‌బోర్డు సంగతి ఎవరడిగినా ఒకటే మాట చెప్పేవాడు.

"బోర్డంటే పలకబ్బా. లెక్క సేసేది ప్రాసెసరు. పలక మారిస్తే లెక్క బిరీన వస్తాదా?"

ఆరేళ్ల కిందట పూతలపట్టు నుంచి ఢిల్లీబాబు వచ్చినప్పుడూ అదే చెప్పాడు. ఢిల్లీబాబుది పెళ్లి వీడియోల పని. ఇంటి ముందు రేకుల గది, అదే స్టూడియో. సలావుద్దీన్ అతనికి పెద్ద ప్రాసెసరు వేసి, ఉన్నవాటిలో చవకైన బోర్డు మీద బిగించాడు. అందులో మోసం లేదు. తన కూతురు అఖ్సా చదువుకునే సిస్టంలోనూ అదే బోర్డు.

మొదటి ఎండాకాలంలోనే ఢిల్లీబాబు సిస్టం మోసుకొచ్చాడు.

"పొద్దున బాగుంటాది భాయ్. పదకొండు దాటినాక ఈడ్చుకుంటా పోతాది. గంటలో తయారయ్యే పెళ్లి వీడియోకు మూడు గంటలు పడతా ఉండాది."

"మూడు గంటలా? పెళ్లి సేసే అయ్యవారికి గూడా అంతసేపు పట్టదు గదబ్బా!"

రేకు విప్పాడు. ఫ్యాను వేశాడు. తెర మీద ప్రాసెసరు వేడి అంకె చూశాడు, తక్కువే. పది నిమిషాలు సిస్టం ఎక్కడా ఆగలేదు.

"దీనికేం రోగం లేదు. నీ సేతుల్లోనే ఉండాది రోగం."

ఢిల్లీబాబు మరో రెండుసార్లు వచ్చాడు. మూడోసారి సలావుద్దీన్ అతనికి పేరు కూడా పెట్టాడు. వీడియో ఎప్పుడిస్తావంటే రేపంటాడు కాబట్టి, రేపుబాబు. ఆ పేరు పూతలపట్టు క్రాసులో టీ కొట్టు దాకా పోయింది. ఓ ఇంట్లో బిడ్డ పుట్టినాక పెళ్లి వీడియో వచ్చిందని చెప్పుకుని నవ్వారు. ఇంట్లో తండ్రి మునిరామయ్య మంచం మీద నుంచి పని చేయని సోంబేరి అని తిట్టేవాడు. ఆ మాట అంటూనే ఒక చలికాలం పోయాడు. స్టూడియో మూతపడింది. ఢిల్లీబాబు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాడు.

ఈ మే నెలలో అతని భార్య పవిత్ర ఆటోలో సిస్టం తెచ్చింది. స్టూడియోలో దుమ్ము పడకుండా పాత చీరతో కుట్టి తొడిగిన గలీబు ఇంకా దాని మీదే ఉంది.

"ఎవురికన్నా ఇచ్చెయ్‌న్నా. ఆయన దాని మొగం గూడా సూడడం లేదు."

ఆ వారం బల్ల మీది ఫ్యాను కాలిపోయి వైండింగుకు పోయింది. సలావుద్దీన్ రేకు విప్పలేదు, గలీబు తీయలేదు. అందులోనే ఉన్న ఒక పెళ్లి వీడియోను తయారవమని పెట్టి మధ్యాహ్నం నమాజుకు వెళ్లాడు. గంటకు తిరిగొచ్చి చూస్తే సగం కూడా కాలేదు. ప్రాసెసరు వేడి మాత్రం తక్కువే.

రేకు విప్పి, ప్రాసెసరు పక్కన వరసగా ఉన్న చిన్న నల్ల ముక్కల మీద వేలు పెట్టాడు. చురుక్కుమంది.

ప్రాసెసరుకు కరెంటు అందించేవి ఆ ముక్కలు. ఖరీదైన బోర్డుల్లో వాటి మీద వేడిని లాగేసే అల్యూమినియం రెక్కలుంటాయి, దీనికి లేవు. వేడెక్కగానే బోర్డు కరెంటు తగ్గిస్తుంది. ప్రాసెసరు చల్లగానే ఉండి మెల్లగా నడుస్తుంది. తన ఫ్యాను కింద పది నిమిషాల్లో అది ఎన్నటికీ బయటపడదు. రేకుల గదిలో, గలీబు కింద, మూడు గంటల పనిలో రోజూ బయటపడింది.

అదే ప్రాసెసరును రెక్కలున్న బోర్డుకు మార్చి, మూసి, గలీబు కప్పి, అదే పెళ్లి వీడియోను మళ్లీ పెట్టాడు. నలభై నిమిషాల్లో అయిపోయింది.

ఆదివారం స్కూటర్ మీద సిస్టం పెట్టుకుని పూతలపట్టు వెళ్లాడు. రేకుల గదిలో ఇప్పుడు శనక్కాయల మూటలున్నాయి. వాటి మధ్యే దాన్ని పెట్టి, ఎండలోనే నడిపి చూపించాడు.

"తప్పు నాదే బాబూ. బోర్డుది. నీది గాదు."

ఢిల్లీబాబు తెర వైపు చూడలేదు. అలవాటుగా గోడ గడియారం చూశాడు.

"అయితే నేను సోంబేరిని గాదా?"

"గాదు."

"ఇంగోసారి సెప్పు భాయ్. లోపల పవిత్రకు ఇనపడేటట్టు సెప్పు."

సలావుద్దీన్ గట్టిగా చెప్పాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"మా నాయన ఉన్నప్పుడే సెప్పుంటే..." అని ఢిల్లీబాబు ఆపేశాడు. ఫ్యాక్టరీ టోపీ తీసుకున్నాడు, షిఫ్టుకు వేళయింది.

"మళ్లీ తెరువబ్బా స్టూడియో. సిస్టం బాగుండాది గదా."

"రేపుబాబుకు ఎవురిస్తారు భాయ్ పెళ్లి పని?"

కోపం లేకుండానే అన్నాడు. సైకిలెక్కి వెళ్లిపోయాడు.

తిరుగు దారిలో సలావుద్దీన్ క్రాసులో టీ కొట్టు దగ్గర ఆగాడు. అక్కడున్న నలుగురికీ జరిగిందంతా చెప్పాడు. బోర్డు, నల్ల ముక్కలు, వేడి, తన తప్పు. టీ కాచే గోవిందు చివరిదాకా విన్నాడు.

"ఎవుర్ని గురించప్పా సెప్తా ఉండావు? మన రేపుబాబు గురించేనా?"

సలావుద్దీన్ గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.