నసోంబా వాగు మీద మూడు రోజుల వంతెన

ఎనిఫా చిసాలే ఇప్పటికి పదకొండుసార్లు ఒకే అర్జీ రాసింది. ఊరు మారలేదు, వాగు మారలేదు, అడిగింది మారలేదు. మారిందల్లా తేదీ, పార్లమెంటు సభ్యుడి పేరు, ఏడాదికేడాది కాస్త వంకరపోతున్న ఆమె చేతిరాత. "నసోంబా వాగు మీద మనుషులు నడిచే వంతెన ఒకటి మంజూరు చేయగలరు" అన్న ముక్క ఆమెను నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతుంది.

ఆమె పుట్టిల్లు వాగుకు ఆ దరిన, మెట్టినిల్లు ఈ దరిన. బడి, ఆసుపత్రి, సంత అన్నీ ఆ దరినే. ఎనిమిదో తరగతి దాకా చదివిన కోడలు కనక, నలభయ్యో ఏట ఆమెను ఊరి అభివృద్ధి సంఘానికి కార్యదర్శిని చేశారు. జీతం లేదు, పిలుపు మాత్రం మిగిలింది: సెక్రటరమ్మ. భర్త పోయాక పొద్దున్నే గోధుమపిండితో మందాసి బూరెలు వేయించి, గిన్నె నెత్తిన పెట్టుకుని వాగు దాటి బడి దగ్గర అమ్ముకుంటోంది. జనవరి వానల్లో నీళ్ళు రొమ్ముదాకా వస్తాయి. అప్పుడు బేరం ఉండదు. నొప్పులొచ్చిన ఆడవాళ్ళను మంచం మీద మోసుకుంటూ నాలుగు గంటలు చుట్టు తిరిగి లారీల రోడ్డు మీదుగా తీసుకెళతారు.

ఏటా జిల్లా బడ్జెట్టుకు ముందు ఊళ్ళ అర్జీలు తీసుకుంటారు. ఏటా ఆ సొమ్ము ఇంకెక్కడికో పోతుంది. ఒక ఏడు రోడ్డు చదును చేయడానికి పోయింది. ఇంకో ఏడు బస్సు షెల్టరు కట్టారు. దాని ముందు బస్సు ఆగదు, మేకలు ఆగుతాయి.

పదకొండో అర్జీ మాత్రం వడపోత దాటింది. ఇంజనీరు వచ్చి, కళ్ళారా చూసి, ఫొటో తీసుకెళితే బడ్జెట్టులో చేర్చవచ్చని కబురొచ్చింది. అక్టోబరులో ఎనిఫా ఆయన్ను వెంటబెట్టుకు రావడానికి జిల్లా కేంద్రానికి వెళ్ళింది. ఒక్క రోజు పని అనుకుంది. పెట్రోలు బంకుల్లో చుక్క లేదు. మూడు రోజులు ఆఫీసు అరుగు మీద కూర్చుంది. నాలుగో రోజు ఇంజనీరు కచింగ్వేకు ఎవరో ఒక సీసాడు పెట్రోలు సర్దితే, ఆయన మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చింది.

వాగు దగ్గర దిగారు.

వాగు మీద వంతెన ఉంది. కొత్త నీలగిరి దుంగలు, వాటి మీద దగ్గరదగ్గరగా కట్టిన వెదురు, పట్టుకోవడానికి రెండు పక్కలా కర్రలు. దారి ఊడ్చి నీళ్ళు చల్లారు. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. ఊరి పెద్ద చింబాలంగా పాత కోటు తొడుక్కుని ఎదురొచ్చాడు.

"దయచేయండి సారూ. అవతల కూడా చూద్దురుగాని."

కచింగ్వే వంతెన మీద నడిచి వెళ్ళాడు, నడిచి వచ్చాడు. ఒక దుంగను బూటుతో తట్టి చూశాడు.

"బాగుందే," అన్నాడు కాగితం తీస్తూ. "దాటే సౌకర్యం ఉంది."

ఎనిఫా ఊరి పెద్దను పక్కకు లాగింది. "ఏం చేశావు పెద్దయ్యా?"

"ఏం చేశాను? సర్కారు మనిషి లాగు తడుపుకుంటూ మా ఊళ్ళోకి రావాలా? ఆ పరువు తక్కువ నాకొద్దు. నలభైమంది మూడు రోజులు పనిచేశారు."

"ఆయన తడవాలనే కదా పిలుచుకొచ్చింది."

"అతిథిని తడిపే ఊరు నేనెక్కడా చూడలేదు, సెక్రటరమ్మా."

అతిథి ఎదుట ఊరి పెద్ద మాట కాదనడం ఇక్కడ లేదు. ఎనిఫా కూడా ఎన్నడూ అనలేదు. ఆ రోజు నేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది.

"సారూ, ఈ దుంగలకు ఇంకా పచ్చి పోలేదు, చూడండి. ఇది మీకోసం కట్టారు. వానొస్తే వారం ఉండదు."

పాట ఆగిపోయింది. కచింగ్వే బెరడు గిల్లి చూశాడు. ఆయనకూ అలసటగానే ఉంది.

"నాకు తెలుస్తూనే ఉందమ్మా. కానీ నేను చూసింది రాస్తాను. ఫొటోలో వంతెన కనబడితే పైవాళ్ళు కొట్టేస్తారు. వంతెన లేని ఫొటో నా దగ్గర లేదు."

"అయితే పీకేద్దాం," అంది ఎనిఫా.

గొడ్డలి పట్టినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. "మా చేతుల బొబ్బలు ఇంకా ఆరలేదు వదినా," అన్నాడు ఒకడు. దొరికా అనే ముసలామె నవ్వింది. "వచ్చిన వంతెన పీకి రాబోయే వంతెన అడిగే ఊరు మనదే."

చింబాలంగా వంతెన దగ్గరికి నడిచాడు.

"అతిథి దాటాడా?" అని అడిగాడు చివరికి.

"రెండుసార్లు దాటాడు," అన్నారు ఎవరో.

"అయితే మర్యాద అయిపోయింది. తీసేయండి."

గంటలో తీసేశారు. కచింగ్వే వట్టి వాగు ఫొటో తీసుకుని, పెట్టిన కోడికూర, సంకటి తిని వెళ్ళాడు. వెళుతూ ఒక్క మాటన్నాడు. "పైనుంచి ఇంకెవరైనా సరిచూడ్డానికి రావచ్చు. అప్పటిదాకా ఏమీ వేయకండి."

ఎవరూ రాలేదు. ఎవరైనా వస్తారేమోనని ఊరు కూడా దుంగ వేయలేదు. ఏటా వానలకు ముందు కాలు మోపడానికి వేసుకునే రెండు కర్రలు కూడా వేయలేదు. తీసిన దుంగలు ఇళ్ళ కప్పుల్లోకి చేరాయి. ఆ వానాకాలం ఎనిఫాను పలకరించేవాళ్ళు తగ్గారు. రెండు మంచాలు చుట్టుదారిన వెళ్ళాయి, ఒకటి ఖాళీగా తిరిగొచ్చింది, మనిషి దక్కలేదు.

మార్చిలో జిల్లా ఆఫీసు గోడకు జాబితా అంటించారు. ఎనిఫా వేలుపెట్టి చదివింది. నసోంబా పేరు ఉంది. పక్కన, "స్థల పరిశీలన, అంచనాల తయారీ" అని ఉంది. కట్టడానికి కాదు, కడితే ఎంతవుతుందో చూడడానికి.

సాయంత్రం నడుంలోతు నీళ్ళలో దాటి వచ్చి, ఒడ్డునే ఉన్న ఊరి పెద్దకు చెప్పింది. అప్పటికే పదిమంది పోగయ్యారు.

"అంటే వచ్చినట్టా, రానట్టా?" అన్నాడు చింబాలంగా.

"కొలవడానికి ఇంకొకాయన వస్తాడు, పెద్దయ్యా."

"ఎప్పుడు?"

"రాయలేదు."

దొరికా ఆమె ముఖంలోకి చూసింది. "నా కోడలికి వచ్చే నెల నెలలు నిండుతాయి, సెక్రటరమ్మా. దుంగలు వేయమంటావా, వద్దంటావా?"

అందరూ ఆమెవైపే చూశారు. ఎనిఫా ఒడ్డున కూర్చుని, నడుముకు చుట్టుకున్న తడి చితెంజె బట్ట కొంగు పిండుకుంది.

"వేయండి," అంది.

"కొలిచేవాడు వచ్చి చూస్తే?"

"వంతెన ఉందని రాసుకుపోతాడు. నేను మళ్ళీ అర్జీ పెడతాను."

మగవాళ్ళు గొడ్డళ్ళ కోసం లేచారు.