వానకెందుకు బామ్మర్ది నెంబరు

మా తాత నూకయ్య మనుషులు అడిగితే ఏదైనా ఇస్తాడు. ఫోను అడిగితే ఏదీ ఇవ్వడు. పక్కింటివాళ్లు సైకిలు అడిగితే గాలి కొట్టించి మరీ ఇచ్చే మనిషి, ఫోను తెర మీద 'అప్‌డేట్ చేసుకోమంటారా' అని కనిపించగానే ముఖం ముడుచుకుని "నీకేటి తొందర?" అంటాడు. మనసులో అనుకోడు, పైకే అంటాడు. ఒకసారి టోటో అనే మా ఊరి బ్యాటరీ రిక్షాలో కూర్చుని అలాగే అంటే, డ్రైవరు దాదా తననే అన్నాడనుకుని బండి నెమ్మది చేశాడు.

ఈ జబ్బుకి మూలం వర్క్‌షాపులో ఉంది. తాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెల కింద దూరి పనిచేసిన ఫిట్టరు. అక్కడొక రివాజు. పెట్టె కిందికి దూరేవాడు ముందుగా ఎర్ర జెండా కడతాడు. అది ఉన్నంతసేపు ఆ పెట్టెను అంగుళం కూడా కదపకూడదు. ఆ జెండాను కట్టినవాడే విప్పాలి. పెద్ద ఆఫీసరు వచ్చినా ముట్టుకోకూడదు. ఎందుకంటే కింద ఎవరున్నారో కట్టినవాడికే తెలుసు.

ఆ పాత జెండాలోంచే ఒక పీలిక కోసి తాత తన ఫోను కవరు వెనక కుట్టుకున్నాడు.

"ఫోనుకి మొలతాడేటి?" అంది మా నాయనమ్మ సింహాచలమ్మ.

"మొలతాడు కాదు, జెండా. నాను ఇప్పేదాకా దీన్ని ఎవుడూ కదపకూడదు."

"జెండా వెనకుంది. అప్‌డేటు ముందునుంచి వస్తాది గదా తాతా," అన్నాను.

తాత ముందువైపు కూడా చిన్న పీలిక అంటించాడు. అది వెళ్లి కెమెరా మీద కూర్చుంది. "అదీ మంచిదేలే," అన్నాడు.

ఇంటి సంగతులు మాట్లాడుకోవాలంటే ఫోన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేవాడు. అది వింటుందట. ఫోను విందో లేదో గానీ మా ఇంట్లో జరిగిన గొడవలన్నీ బియ్యానికి మాత్రం బాగా తెలుసు.

ఒకరోజు ముచ్చటపడి తాత ఫోన్లో వాన కబురు చెప్పే యాప్ ఒకటి వేశాను. తెరవగానే అది, మీ ఫోన్లో ఉన్న నెంబర్లన్నీ చూడనిస్తారా అని అడిగింది.

"ఏటే మౌనికా, ఇదేటి అడుగుతంది?"

"నీకు తెలిసినోళ్ల నెంబర్లు సూస్తాదట తాతా. ఒప్పుకో, నేకపోతే ముందుకెళ్లదు."

"వాన పడతాదో నేదో సెప్పడానికి నా బామ్మర్ది నెంబరు ఏటికి? ఆడేటి మబ్బా?"

ఆ యాప్ ఆనాటినుంచి ఆ ప్రశ్న మీదే ఆగిపోయి ఉంది. తాత ఆకాశం వైపు చూసి గొడుగు వద్దనుకునేవాడు, తడిసి వచ్చేవాడు.

నా సంగతి కూడా చెప్పాలి. డిగ్రీ మధ్యలో నేనూ కాలేజీ ఒకరినొకరం వదిలేసుకున్నాక, ఇందా అనే పేటలో ఒక మొబైల్ షాపులో చేరాను. ఫోను తెరలకి గాజు పలకలు అంటించడం, కవర్లు తొడగడం నా పని. తాత దృష్టిలో నేను శత్రుసైన్యంలో కొలువు చేస్తున్నాను. ఓసారి నాకు టిఫిను డబ్బా ఇవ్వడానికి వచ్చి, కౌంటరు మీద తన ఫోను పెట్టాడు. పక్కనున్న బెంగాలీ కుర్రాడు చూసి, "దాదు, అప్‌డేట్ కొరే నిన్," అని చేసేసుకోమన్నాడు.

"కేనో?" అన్నాడు తాత.

ఎందుకో ఆ కుర్రాడికి తెలియలేదు. మా ఓనరుకీ తెలియలేదు. నాకు జీతమిచ్చేదే అందుకు, నాకూ తెలియలేదు. తాత నిన్నటి ఖాళీ డబ్బా అందుకుని గెలిచినవాడిలా వెళ్లిపోయాడు.

బామ్మర్ది అని తాత అన్నది నాయనమ్మ తమ్ముడు అప్పలకొండని. మేము ఉండే ఝపటాపూర్‌కీ, ఆయన ఉండే ఇందాకీ ఆటోలో పోతే కునుకు పట్టేంత దూరం కూడా లేదు. అయినా ఏళ్ల తరబడి మాటల్లేవు. కారణం ఆస్తీ కాదు, పెళ్లి సంబంధమూ కాదు. ఎవరో బీమా ఏజెంటుకి ఆయన తాత నెంబరు ఇచ్చాడు, తాతని అడక్కుండా. అంతే. నాయనమ్మ ఎన్నిసార్లు తమ్ముడి పేరెత్తినా తాత ఫోన్ని బియ్యం డబ్బాలోంచి తీసి, తానే ఆ డబ్బాలోకి దూరినట్టు ముడుచుకుని కూర్చునేవాడు.

మా గోడకి అవతల ఎస్తేరమ్మ మామ్మ ఉంటుంది. చూపు బాగా మందగించింది, చదువు మొదట్నించీ లేదు. కూతురు ఏంజలిన్ మస్కట్‌లో నర్సు. ఆదివారం ప్రార్థన అయ్యాక కూతురు ఫోను చేస్తే ఎత్తడం మామ్మకి వారానికంతటికీ పెద్ద పని. తెర మీద ఎత్తే పచ్చ గుండ్రం ఎక్కడుందో కనిపించేది కాదు. తాత నాయనమ్మ బొట్టుబిళ్లల అట్టలోంచి ఒక పలచటి బిళ్ల తీసి, సరిగ్గా పచ్చ గుండ్రం వచ్చే చోట అంచున అంటించాడు.

"బొటనేలుకి బొట్టు తగిలిందా, అక్కడ నొక్కీ. అంతే."

"నేను కిరస్తానీ మనిసిని, నాకు బొట్టెట్టినావేటి అన్నియ్యా?"

"నీకెట్టనేదే సెల్లీ, ఫోనుకెట్టినాను. అదింకా బాప్తిస్మం తీసుకోనేదు."

ఆ బొట్టు మీదే తల్లీకూతుళ్ల మాటలు నడిచేవి. తర్వాత ఒక ఆదివారం నుంచి ఆగిపోయాయి. ఎస్తేరమ్మ మామ్మ ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల హెన్రీ అనే అబ్బాయిని చేసుకుంటానంటే, మామ్మ అతని ఫొటో కళ్లకి ఆనించి చూసి "పళ్లు ఎత్తుగా ఉన్నాయే" అంది. అందుకే కూతురికి కోపమొచ్చింది కాబోలనుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చివరికి ఒక ఆదివారం గోడ దాటి మా ఇంటికి వచ్చింది.

"రింగవుతంది అన్నియ్యా. బొట్టు నొక్కుతన్నాను. పిల్ల పలకదు. అలిగిందో ఏటో."

మాట పూర్తవకుండానే ఫోను మోగింది. మామ్మ ముఖం వెలిగింది. అలవాటైన బొటనవేలు బొట్టుని వెతుక్కుని నొక్కింది. తాతా నేనూ చూస్తూనే ఉన్నాం. కాల్ తెగిపోయింది.

ఛార్జింగుకి పెట్టిన ఫోను ఎవరినీ అడక్కుండా తనంతట తానే అప్‌డేట్ అయిపోయింది. పచ్చ గుండ్రం కుడి నుంచి ఎడమకి పోయింది. దాని చోట, బొట్టు అంచున, ఎర్రది వచ్చి కూర్చుంది. మామ్మ ఇన్నాళ్లూ కూతురి కాల్ ఎత్తుతున్నాననుకుని కోసేస్తోంది.

నేను వెంటనే మామ్మ ఫోను నుంచే తిరిగి చేశాను. ఈసారి అటునుంచి కోశారు. అప్పుడు ఒక సందేశం వచ్చింది. దాన్ని నేనే చదివి వినిపించాల్సి వచ్చింది.

"అమ్మా, ఇష్టం లేకపోతే లేదని చెప్పాల్సింది. పోయిన ఆదివారం చర్చిలో నిశ్చితార్థం ఉంగరాలు మార్చుకుంటూ నీకు చేశాను. కోసేశావు. నూకయ్య మావయ్యకి చేస్తే ఆయనా కోసేశారు. ఇంక ఎవరికీ చెయ్యను."

తాత తన ఫోను తీసి చూసుకున్నాడు. పేరు లేని పొడవాటి విదేశీ నెంబరు ఉంది. విదేశీ కాల్స్ వచ్చే యాప్‌కి కూడా తాత నెంబర్లు చూడనివ్వలేదు కనక పేరు కనిపించలేదు. ఏదో కంపెనీ కూపీ లాగుతోందని తాతే కోశాడు. ఆ రోజు కోసి నాతో గొప్పగా చెప్పాడు కూడా.

ఎస్తేరమ్మ మామ్మ ఏడవలేదు. "ఉంగరం ఏ ఏలికి పెట్టుకుందో," అంది. అంతే అంది.

"ఆ ఆదివారం మల్లీ రాదు," అన్నాడు తాత, ఎవరికీ కాకుండా.

"నా ఫోను నుంచి చేస్తాను తాతా. ఎత్తుతాది," అన్నాను.

"వద్దు. నా ఫోన్లో కోసినాను. నా ఫోన్లోంచే సెప్పాల."

కాని తాత ఫోన్లో ఆ కాల్ యాప్ తెరుచుకోలేదు. ఈ పాత రకం ఇక పనిచేయదు, కొత్తది వేసుకోండి అంది. ఫోన్ని కూడా అప్‌డేట్ చేయమంది. తాత నా వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు. తర్వాత వెనకున్న ఎర్ర పీలిక కుట్టు పళ్లతో కొరికి తెంపాడు. ముందున్నది గోటితో గీకి తీశాడు. నేను చేయి చాపితే ఇవ్వలేదు.

"కట్టినోడే ఇప్పాల."

అది అప్‌డేట్ అవుతున్నంతసేపూ చక్రం తిరుగుతూనే ఉంది. ఊరుకోలేక అడిగాను, "ఇన్నాళ్లూ దేనికి ఆపినావు తాతా? దాచుకోడానికి నీకాడ ఏటున్నాది?"

"మీ తాతకాడ ఏటుంటాది?" అంది నాయనమ్మే. "ఆ ఫోను సూడు. ఎస్తేరు ఫోను సూడు."

రెండూ ఒకటే కంపెనీ, ఒకటే రకం, రంగు కూడా ఒకటే. ఏంజలిన్ అమ్మకి ఆ ఫోను పంపించాక, తాత కూడా వెతికి అలాంటిదే కొన్నాడట. మామ్మ గోడ అవతల నుంచి "ఏటి నొక్కాల?" అని అరిస్తే, ఇటు తన ఫోన్లో చూసి "కిందినుంచి రెండో బొమ్మ" అని చెప్పడానికి. తనది మారిపోతే ఆమెకి చెప్పేవాడు ఉండడని జెండా కట్టాడు. అరుగు మీద కళ్లు మూసుకుని ఫోను తడుముతూ కూర్చుంటే, తాతకి బుర్ర కూడా హ్యాంగ్ అవుతోందని నేను షాపులో చెప్పి నవ్వించేదాన్ని. ఆయన ఎస్తేరమ్మలా ఎత్తడం ప్రాక్టీసు చేస్తున్నాడట.

"ఆమె ఫోనుకీ ఒక పీలిక కుట్టాల్సింది," అన్నాడు తాత. "మన ఇంటిదొక్కటే ఆపినాను."

చక్రం ఆగింది. మైకు వాడుకోనిస్తారా అని అడిగింది. తాత సరేనన్నాడు. కెమెరా? సరే. ఎప్పుడూ లేనిది, ప్రతిదానికీ బుద్ధిమంతుడిలా పైకి "ఠీక్ హై, ఠీక్ హై" అంటూ నొక్కాడు. నెంబర్ల దగ్గర మాత్రం వద్దన్నాడు. పొడవాటి నెంబరు ఎదురుగానే ఉంది, దానికే చేశాడు.

ఏంజలిన్ ఎత్తింది. తెర మీద తాత ముఖం ఆ పిల్ల మొదటిసారి చూడటం. తాత కెమెరాకి ఎప్పుడూ కనబడలేదు కనక ఎక్కడ చూడాలో తెలియక కప్పు వైపు చూస్తూ మాట్లాడాడు.

"అమ్మా, మీయమ్మ కొయ్యనేదు. నా బొట్టు కోసింది. రెండోది నాను కోసినాను. తిడితే నన్ను తిట్టు."

ఆ పిల్ల తిట్టలేదు. ఫోను మామ్మ చేతికి వెళ్లింది. మామ్మ తెరని ముక్కుకి ఆనించి చాలాసేపు చూసి, "ఉంగరం ఎడం సెయ్యా?" అంది. తర్వాత, పక్కనుంచి తెరలోకి తొంగిచూసిన హెన్రీని చూసి, "పళ్లు అంత ఎత్తుగా నేవులే," అంది.

ఇప్పుడు తాత అప్‌డేట్లని ఆపడం లేదు. నాకు అది చూస్తే బాగోదు. కొత్తది రాగానే రైలు ముందు వెళ్లే పైలట్ ఇంజనులా తానే మొదట వేసుకుంటాడు, కళ్లు మూసుకుని తడిమి ఏ గుండ్రం ఎటు పోయిందో చూస్తాడు, బొట్టుబిళ్లల అట్ట పట్టుకుని గోడ దాటుతాడు. కాని తెరతో పోట్లాడటం మానేశాడు. టోటోలో ఇప్పుడు ఎవరూ బండి నెమ్మది చెయ్యరు.

ఏంజలిన్ పెళ్లి ఖరగ్‌పూర్‌లోనే అన్నారు. చర్చి ఆవరణలో పందిరి. ముందురోజు తాత ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఆ వాన యాప్ తియ్యి. రేపు పడతాదో నేదో తెలాల గదా."

తెరిచాను. అది పాత ప్రశ్న దగ్గరే కాచుకుని ఉంది. ఒప్పుకోనా అన్నాను. తాత ఆగమన్నాడు.

"ఎవుడి నెంబరు ఆడు నాకిచ్చినాడు. వానకి ఇవ్వనేదు. అడగాల గదా."

ఎస్తేరమ్మనీ ఏంజలిన్‌నీ గోడ మీంచి అడిగాడు, నాయనమ్మని అడిగాడు, నన్నూ అడిగాడు. మేం నలుగురం సరేనన్నాం. తాత ఫోన్లో ఉన్న పేర్లలో ఇంక మిగిలింది ఒక్కడు. తాత ఆఖరికి ఆ పేరు మీద నొక్కాడు.

"అప్పలకొండా, నాను. ఇనబడతందా? వాన యాప్ నీ నెంబరు అడుగుతంది. ఇవ్వమంటావా? నాను నీలాగ కాదు, అడిగే ఇస్తాను."

అటువైపు నుంచి ఏదో చాలా వినబడింది. తాత ఫోను చెవికి ఆనించుకుని అరుగు మీదికి పోయాడు. నాయనమ్మ గుమ్మంలో నిలబడి, తనకేం పట్టనట్టు చేటలో బియ్యం చెరుగుతూ వింది.

వాన పడదని యాప్ చెప్పింది. పెళ్లి రోజు పడింది. అప్పలకొండ తాత రెండు గొడుగులు తెచ్చాడు.